పొరుగు నేలపై ముదిమి - చిరకాల ప్రవాసాంధ్ర గృహములలో వృద్ధుల స్థానము

వలసల చరిత్ర వ్రాయువారు సాధారణముగా యువకుల చరిత్రనే వ్రాయుదురు. ఏ రాజు పిలుపుపై ఏ దండనాయకుని వెంట ఎవరు నడచిరి, ఏ కఱవున ఏ గ్రామము పాడువడెను, ఏ యడవిని నఱకి ఎవరు సాగుచేసిరి అను విషయములు శాసనములలోను, కైఫియతులలోను, జిల్లా గెజిటీర్లలోను కొంత కొంత దొరకును. అట్లు నడచి వచ్చినవారు ముసలివారైన పిమ్మట ఎవరి యరుగుపై కూర్చుండిరి, ఎవరితో మాటాడిరి, ఏ భాషలో తమ గుండెబరువు దించుకొనిరి అను ప్రశ్న ఏ గెజిటీరులోను కానరాదు. కాని ఒక సంఘము పరదేశమున నిజముగా వేరూనినదా లేదా యనుట తేల్చుకొనుటకు ఆ ప్రశ్నయే మంచి గీటురాయి. పనిచేయగలవానికి ఏ దేశమైనను చోటిచ్చును. పనిచేయలేనివానికి చోటిచ్చు నేలయే స్వదేశము.

2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొనినవారు సుమారు 42 లక్షలు. మహారాష్ట్రమున సుమారు 13 లక్షలు. అదే లెక్కలలో దేశమునందు అరువదేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షలు, అనగా నూటికి 8.6 మంది, తమిళనాట ఈ పాలు 10.4. ఈ రెండు తీరుల లెక్కలను కలిపి చూచినచో, పొరుగు రాష్ట్రములలో ముసలితనము గడుపుచున్న తెలుగువారు లక్షలలో నుందురని వేఱుగ చెప్ప నక్కఱలేదు. వీరందఱి స్థితి ఒక్కటి కాదు. కావున దక్షిణమున కోవిల్పట్టి ప్రాంతపు నల్లరేగడి నేలను, పడమట షోలాపుర నగరమును ముఖ్యముగా గైకొని, బరంపురము, యానాముల విషయము ప్రసక్తి వచ్చినంతవఱకు చెప్పబడుచున్నది.

కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరు ప్రాంతములను తమిళులు కరిసల్ భూమి యందురు. విజయనగర సామ్రాజ్య కాలమునను, 1529 ప్రాంతమున మధురలో విశ్వనాథ నాయకునితో నారంభమైన నాయక రాజుల కాలమునను ఇచ్చటికి తెలుగు కుటుంబములు తండోపతండములుగా దిగినవి. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు మొదలగువారు వానిలో ముఖ్యులు. వీరిలో పెక్కు కులములవారు చెప్పుకొను వలసకథ దాదాపు ఒక్కటే. తమ కన్యను బలవంతముగా కోరిన పరపాలకునికి జడిసి రాత్రికి రాత్రి ఇల్లు విడిచిరి. ముందు నది పొంగుచుండెను, వెనుక సైన్యము తఱుముచుండెను. అపుడు చెట్లు వంగి వారికి వంతెన యాయెను. 1909లో ఎడ్గార్ థర్స్టన్ ప్రకటించిన దక్షిణ భారత కులముల గ్రంథమున తొట్టియ నాయకుల నోటినుండి విన్న ఈ కథ చేరినది. ఆ చెట్టు తమిళులు పుంగ మనియు మనవారు కానుగ యనియు పిలుచునదే. ఇందు చారిత్రకాంశ మెంత యని పండితులు వాదులాడుదురు. అది యెట్లున్నను, ఈ కథను నాలుగు వందల యేండ్లు మోసి తెచ్చినవా రెవరనునది గమనింపదగినది. ఈ ప్రాంతపు తెలుగువారిలో మిక్కిలి పెద్ద భాగమునకు తెలుగులిపి రాదు. చదువు నేర్చినవారు తమిళములోనే నేర్చిరి. అందుచేత వారి చరిత్ర తాళపత్రములలో లేదు. ముసలమ్మల నాలుకలపై నున్నది.

వృద్ధులయెడ మనవారికి గల గౌరవము ధర్మబుద్ధిచేత కలిగిన దని చెప్పుట వాడుక. ఆ మాట కొంతవఱకే నిజము. లిపి లేని భాష మాటలాడు సంఘమున ముసలివారు గ్రంథాలయమును, దస్త్రమును, న్యాయస్థానమును తామే. ఏ యింటిపేరువారికి ఏ యింటిపేరువారు వరుస యగుదురు, ఎవరి కులదేవత గుడి ఏ యూరి పొలిమేర నున్నది, ఏ యేడు ఏ చెఱువు తెగెను అనునవి వారి కొక్కరికే తెలియును. పెండ్లిమాటలకు వారు లేనిదే సాగదు. పొలము తగవు వారు రానిదే తీరదు. గౌరవమునకు మూలము దయ కాదు, అవసరము. అవసరము నుండి పుట్టిన గౌరవము దయనుండి పుట్టినదానికంటె గట్టిది; అవసరము తీరిన నాడు అది ఒక్కసారిగా కూలుననుటయు అంతే నిజము.

ఈ కరిసల్ నేల ముసలమ్మను సాహిత్యమున శాశ్వతము చేసిన రచయిత కి. రాజనారాయణన్. కోవిల్పట్టి దగ్గఱ ఇడైశెవల్ గ్రామమున తెలుగు మాటలాడు కమ్మవారి కుటుంబమున జనించిన యీయన 1976లో ప్రకటించిన గోపల్ల గ్రామము అను తమిళ నవలలో నూట ముప్పదియేడేండ్ల మంగతాయారమ్మ తన వంశమువారి వలసగాథను చెప్పును. ఇంటిలో ఎందఱు కొడుకులు, మనుమలు, మునిమనుమలు ఉన్నను ఆమె మాటయే మాట. నవల చదివినవారికి ఆమె వయసు అతిశయోక్తి యని తోచవచ్చును. కాని తరతరముల జ్ఞాపకము నొక్క శరీరమున నిలుపవలె నన్నచో రచయితకు అంత వయసు కావలసి వచ్చినది. ఆమె సుఖము ఏమిటి? ఆమె చుట్టును వినువారుండుట. చూపు మందగించినను, నడుము వంగినను, సాయంకాలము కథ యడుగువారున్నంత కాలము ఆమె ఆ యింటికి బరువు కాదు. దీని తరువాతి కథయైన గోపల్లపురత్తు మక్కళ్ కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఇందొక విచిత్రము గలదు. తెలుగు అవ్వ తెలుగులో చెప్పిన కథ తమిళములో వ్రాయబడినందుననే నిలిచినది. తెలుగులో వ్రాయుటకు ఆ యూర తెలుగక్షరము లేకపోయెను గదా!

నేడు ఆ యిండ్లలో మఱొక తీరు చిక్కు వచ్చిపడినది. తమిళనాడు ప్రభుత్వము 2006లో చేసిన తమిళ బోధన శాసనము ననుసరించి పాఠశాలలలో తమిళము నిర్బంధ ప్రథమ భాష యయ్యెను. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానముల కెక్కి అప్పుడప్పుడు మినహాయింపులు తెచ్చుకొనుచుండిరి. కరిసల్ ప్రాంతపు పల్లెల కీ శాసనము వలన క్రొత్తగా పోయినది స్వల్పము. అచ్చట బడిభాష తరతరములుగా తమిళమే. కాని ఇల్లు మాత్రము తెలుగుగా నుండెడిది. ఇప్పుడు అవ్వ తెలుగులో నడుగును, మనుమరాలు తమిళములో బదులు చెప్పును. ఇరువురికిని భావము తెలియును, కాబట్టి నష్టమేమని పైవారికి తోచును. ఒక భాష ఇంటిలో కుంచించుకొనిపోవునపుడు మొదట పోవునవి కథలు, సామెతలు, పరిహాసములు. చివరకు మిగులునవి రా, పో, తిను, పండుకో అను ఆజ్ఞలు మాత్రమే. ముసలివారికి ఆకలి తీఱిన పిదప కావలసినది పరిహాసము. మనుమని నవ్వింపలేని తాత ఆ యింట అతిథివంటివాడు. ఇది పేదరికము వలన గాని, పిల్లల నిర్దయ వలన గాని కలిగిన ఒంటరితనము కాదు. పిల్లలు ప్రేమగలవారై, ఇల్లు నిండుగా నున్నపుడును ఇది కలుగును. ఇట్టి ఒంటరితనమునకు వైద్యులు పేరు పెట్టినట్లు కానరాదు.

షోలాపురము కథ వేఱు. అచ్చటివారు రాజుల వెంట వచ్చినవారు కారు. నైజాము రాష్ట్రపు తెలుగు జిల్లాలనుండి నేతపని వెదకుకొనుచు పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమునుండి తరలివచ్చిన పద్మశాలీలు. నగరపు తూర్పుభాగము వారితో నిండినది. మొదట చేతిమగ్గములు, పిదప బట్టల మిల్లులు, అటుపై తెలంగాణపు నేతవారు సాంచెలని పిలుచు మరమగ్గములు వారికి కూడు పెట్టినవి. షోలాపురపు దుప్పట్లు దేశమంతట ప్రసిద్ధికెక్కుటకు కారణము వీరి హస్తలాఘవము.

చేతిమగ్గము ముసలితనమునకు ఎట్లు తోడ్పడినదో చూడవలెను. మగ్గపుగుంటలో కూర్చుండి పలక త్రొక్కుటకు కాలిబలము కావలెను. అది తగ్గిననాడు నేతగాడు మగ్గము కొడుకున కప్పగించి తాను పడుగు సరిచేయుటకు, అచ్చు అతుకుటకు దిగును. చూపు తగ్గిననాడు అదియు విడిచి రాట్నము ముందు కూర్చుండి కండెలు చుట్టును. ముసలమ్మయు కండెలు చుట్టును, పసిపిల్లవాడును చుట్టును. అవ్వయు మనుమడును ఒకే పనివారై ప్రక్కప్రక్కన కూర్చుండెడివారు. కథలు సాగినది ఆ రాట్నముల నడుమనే. పని ఒక్కనాటిలో పోలేదు. మెట్టుమెట్టుగా తేలికయై వచ్చినది. నేటి ఉద్యోగికి ఏబదియెనిమిదవ యేటనో అరువదవ యేటనో ఒక్క సాయంకాలమున పూలదండ వేసి పంపివేయుదురు. చేతిమగ్గమువానికి అట్టి సాయంకాలము లేదు.

అయినను ఆ కాలమును బంగారుకాలమని పొగడుట తగదు. షోలాపురపు కార్ఖానాలలో నేతగాండ్రు పెక్కురు అసామీలు. యజమానివద్ద ముందుగా అప్పు తీసికొని, ఆ యప్పు తీఱువఱకు అతని కార్ఖానాలోనే కుటుంబముతో కాపురముండి నేయవలసినవారు. ముసలివాని చేతిలో కండె యున్న దనిన అది సంతోషముకొఱకే కాదు. అప్పు తీఱలేదు గనుక. తండ్రికి విశ్రాంతి లభించుటకు కొడుకు బానిస యగుట అనునది ఆ యిండ్లలో మాటవరుసకు చెప్పినది కాదు. వృద్ధుల సేవను గూర్చి వ్రాయువారు ఈ లెక్కలు మఱచి సమష్టి కుటుంబమును మాత్రమే పొగడుచుందురు.

మిల్లులు వచ్చినపుడు కొందఱికి నెలజీతము దొరకినది. కాని 1949లో షోలాపురపు పాత మిల్లు మూతపడగా వేలమంది వీథిని పడిరి. దానిని నడపుటకై 1950లో భారత ప్రభుత్వము ప్రత్యేక శాసనమే చేయవలసివచ్చెను, ఆ శాసనము సుప్రీము కోర్టు వఱకు పోయెను. అట్టి కాలములలో ఇంటిని నిలిపినది బీడీ. పద్మశాలి స్త్రీలు తునికాకు తడిపి, కత్తిరించి, ఒడిలో చాట పెట్టుకొని గుమ్మములందు వరుసగా కూర్చుండి బీడీలు చుట్టిరి. మగవాని మిల్లు మూతపడినను ఆడుదాని చాట మూతపడలేదు. ఈ కూర్పు గమనింపదగినది. కూలి స్వల్పము, పొగాకు ధూళి ప్రాణాంతకము, దగ్గు తప్పదు. అయినను గుమ్మముల వరుస తెలుగు ముచ్చటలకు కొలువుకూట మయ్యెను. వదినెయు మఱదలును, అత్తయు కోడలును ఎదురెదుట చాటలతో కూర్చుండగా ఇంటి తగవులు పెరుగుటయు అచ్చటనే, తీఱుటయు అచ్చటనే. వ్రేళ్లు తిరిగినంతకాలము ముసలిదానికి ఆ వరుసలో చోటుండును.

బీడీ కార్మికులకై 1966లో శాసనము వచ్చినది. ఇంటివద్ద చుట్టువారును భవిష్యనిధికి అర్హులైన కార్మికులే యని సుప్రీము కోర్టు 1985లో తీర్పు చెప్పినది. 1995 నవంబరులో ఉద్యోగుల పింఛను పథక మేర్పడగా, జీవితమంతయు బీడీ చుట్టిన స్త్రీకి వార్ధక్యమున తన పేరట కొంత పైక మందు మార్గ మేర్పడినది. 2014 సెప్టెంబరు నుండి ఆ పింఛను నెలకు కనీసము 1000 రూపాయలుగా నిర్ణయింపబడినది. వేయి రూపాయలతో నేడు ఒక ప్రాణి బ్రతుకజాలదు. కాని కోడలి నడుగకుండ మనుమనికి పండుగనాడు చేతిలో పెట్టుటకు అది చాలును. ముసలివారి మనస్సునకు ఈ రెండవ లెక్క మొదటి లెక్కకంటె తక్కువది కాదు.

2006లో కుంభారి గ్రామమువద్ద బీడీ కార్మిక స్త్రీలకై గోదుతాయి పరులేకర్ పేరట పదివేల యిండ్ల కాలనీ ఏర్పడెను. 2024 జనవరిలో ఆ ప్రాంతముననే రేనగరు కాలనీలో పదునైదువేల యిండ్లు కార్మికుల కీయబడినవి. పేటలోని అద్దె గదులలో పుట్టి పెరిగినవారికి సొంత యిల్లు సామాన్యమైన భాగ్యము కాదు. కాని ఇంటితోపాటు గుమ్మముల వరుసను గూడ తరలింపలేరు. ఏబదియేండ్లు ఎదురింటివారై యున్నవారు క్రొత్త కాలనీలో వేఱు వేఱు వీథులవారైనచో పడుచువారు నెలలో క్రొత్త స్నేహములు చేసికొందురు. డెబ్బదేండ్ల వృద్ధకు అది సాధ్యము కాదు. ఇల్లు పంచునపుడు ఇరుగుపొరుగును గూడ ఒకచోట పంచవలెనను ఆలోచన గృహనిర్మాణ శాఖల కింకను పట్టలేదు.

ఇంకొక మాట. మరమగ్గముల కొట్టములలో ముప్పది నలువది యేండ్లు పనిచేసినవారిలో పెక్కురకు చెవుడు వచ్చును. దీనిని వయసువలన వచ్చిన చెవుడుగా భావించి ఎవరును పట్టించుకొనరు. చెవి వినబడనివానితో గట్టిగా మాటాడవలెను. గట్టిగా పలికిన మాట ఎంత మంచిదైనను తిట్టువలె నుండును. కొన్నాళ్లకు ఇంటివారు మాటాడుట మానుదురు, అతడు అడుగుట మానును. ఒంటరితనమునకు ఇంత సులభమైన దారి మఱొకటి లేదు. ఇంత సులభముగా చికిత్స కందునదియు లేదు.

ఈ సంఘములలో వృద్ధులకు రక్షగా నిలిచిన ఆచారములలో మేనరికము ముఖ్యమైనది. పరదేశమున సంబంధములు దూరము పోకుండుటకు తెలుగువారు దీనిని గట్టిగా పట్టుకొనిరి. ఇంటికి వచ్చిన కోడలు అత్తకు అన్నబిడ్డ. ఆమెకు అత్తగారు పుట్టుకతోనే మేనత్త. కోడలు కసరినను పుట్టింటి పిల్లయే కసరినట్లుండును. రక్తసంబంధ వివాహముల వలన పుట్టు బిడ్డలకు కొన్ని వ్యాధుల భయము హెచ్చని వైద్యశాస్త్రము చెప్పుట నిజము, ఈ యాచారము తగ్గుటయు మంచిదే. కాని అది పోవునపుడు వృద్ధురాలి కొక ఆసరాయు పోవుచున్నదని గుర్తింపక తప్పదు. మఱి ఆ చోటిని నింపునది ఏది?

చట్టము కొంత నింప జూచినది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ శాసనము వృద్ధులైన తల్లిదండ్రుల పోషణభారమును కొడుకులపైనేగాక కూతుండ్రపైనను మోపినది. 1973 నాటి నేరవిచారణ స్మృతి 125వ విధియు వారికి మనువర్తి హక్కు నిచ్చినది. వివాహితయైన కుమార్తెయు తండ్రిని పోషింపవలసినదే యని 1987లో సుప్రీము కోర్టు తీర్పు నిచ్చినది. ఆ వ్యాజ్యము మహారాష్ట్రము నుండి వచ్చినదే. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనము వచ్చి, వకీలు లేకుండ న్యాయాధికరణము నాశ్రయించు వీలు కలిగించినది. ఇవి మేలైన శాసనములు. అయితే అన్నము పెట్టుమని కోర్టు ఆజ్ఞాపింపగలదు, మాటాడుమని ఆజ్ఞాపింపలేదు.

2017-18లో దేశవ్యాప్తముగా జరిగిన వార్ధక్య పరిశీలనలో అరువదేండ్లు దాటినవారిలో నూటికి 8.3 మందికి తీవ్రమైన మనోవ్యాకులతా లక్షణములున్నట్లు ప్రశ్నావళివలన తేలినది. వైద్యుడు తమకు ఆ వ్యాధి యున్నట్లు చెప్పెనన్నవారు నూటికి 0.8 మందియే. ఒకటికి పది! మిగిలిన తొమ్మండుగురు తమది వ్యాధి యని ఎఱుగరు. తెలుగు వృద్ధులు నిద్ర పట్టలేదందురు, గుండె దడ యందురు, అన్నము సయింపలేదందురు, మనసు బాగుండలేదని మాత్రము వైద్యునితో చెప్పరు. అందులోను షోలాపురపు ముసలమ్మ మరాఠీలో, సాత్తూరి ముసలితాత తమిళములో చెప్పుకొనవలసినవారు. బజారుపనికి చాలినంత పొరుగుభాష దుఃఖము చెప్పుకొనుటకు చాలదు.

యానామును గూర్చి ఒక్క మాట. 1930 ఏప్రిలు నుండి అమలులోనికి వచ్చిన శారదా శాసనము ఫ్రెంచివారి యానామునకు వర్తింపనందున, బ్రిటిషు ఆంధ్రమునుండి బాల్యవివాహములు చేయువారు అచ్చటికి పోయెడివారు. వాని శుభలేఖలు తిరగవేయువారు ఆ వివాహముల రెండవ కొసను గూడ తలపవలెను. పదేండ్లకు పెండ్లియై, పసితనముననే భర్తను పోగొట్టుకొనిన బాలిక ఎనుబదేండ్లు బ్రతికినచో ఆమె వైధవ్యము డెబ్బదేండ్లు. అన్నదమ్ముల ఇంట వంటచేసి, ఎవరి బిడ్డలనో పెంచి, ఏ యింటను తనదను మూల లేక గడచిన ఆ వార్ధక్యములను లెక్కించినవారు లేరు.

బరంపురము ఇందుకు కొంత భిన్నమైన దృశ్యమును చూపును. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు మద్రాసు రాష్ట్రము నుండి విడివడి ఆ రాష్ట్రమున చేరిన యీ పట్టణమున దేవాంగ నేతవారు, తాము రాజమహేంద్రవరమునుండి వచ్చినట్లు చెప్పుకొనువారు, పట్టునేతలో ప్రసిద్ధులు. వారి కులపెద్దకు దేశి బెహరా యని పేరు. పట్టణ దేవత పేరు బుఢీ ఠాకురాణి, అనగా ముసలి యమ్మవారు. రెండేండ్ల కొకమారు జరుగు యాత్రలో ఈ ముసలి దేవతను దేశి బెహరా వీథికి పుట్టింటికి వచ్చిన కూతురుగా తోడ్కొనివచ్చి పందిరిలో నుంచి దినదినమును సేవింతురు. ముసలిదానికిని పుట్టిల్లుండునని, అచ్చట ఆమె మరల ఆడుబిడ్డయే యని నమ్మిన ఆచారమిది. ఒడియావారును తెలుగువారును కలసి ఈ యాత్ర చేయుదురు. ఆ దినములలో పేరంటమునకు పిలుపు రాని వృద్ధురాలు ఆ వీథులలో నుండుట యరుదు.

షోలాపురమున శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయ స్వామి రథము తూర్పుభాగపు వీథులలో సాగును. పద్మశాలీలు క్రొత్త జందెములు ధరించునదియు ఆ దినముననే. మంత్రము చెప్పించుటకు, ఎవరి గోత్ర మేదియో చెప్పుటకు ఆనాడు పడుచువారు పెద్దలను వెదకికొని పోవుదురు. మఱునాటికి మరల ఎవరి పని వారిది.

రాజనారాయణన్ తన అరువదేండ్లు దాటిన పిదప పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున జానపద కథల సేకరణ కధిపతిగా నియమింపబడి, పల్లెల ముసలివారి నోటనున్న కథలు ప్రోగుచేయించెను. కథ చెప్పుమని ఒక విశ్వవిద్యాలయము నుండి మనిషి వచ్చి అరుగుపై కూర్చుండుట అనేక గ్రామములకు క్రొత్త వింత. 2021 మే 17న ఆయన పుదుచ్చేరిలో మరణించినపుడు దేహమును ఇడైశెవలునకు తెచ్చి ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపిరి. ఆ కథలన్నియు తమిళములో అచ్చై యున్నవి. వానిలో తెలుగిండ్ల అవ్వలు మొదట తెలుగులో చెప్పుకొనినవి ఎన్నియో విడదీసి చూచుపని ఇంకను జరుగవలసి యున్నది. ఆ పని చేయవలసినవారు ముందుగా పోవలసినది గ్రంథాలయమునకు కాదు, ఇంకను మిగిలియున్న ఆ యరుగులకు.